నీళ్లకు లొంగని అందం

పద్యం చదివేటప్పుడు కన్ను మొదట పెద్ద సమాసాల మీద, మెరిసే విశేషణాల మీద పడుతుంది. పద్యాన్ని నిలబెట్టేవి మాత్రం చాలాసార్లు అవి కావు. వాటి మధ్య చప్పుడు చేయకుండా కూర్చున్న చిన్న మాట ఒకటి ఉంటుంది. దాన్ని తీసి చూసినప్పుడే నడక విరుగుతుంది, పాదం కుంగుతుంది, అది మోస్తున్న బరువెంతో తెలుస్తుంది. మన ఒంట్లోని ప్రొటీన్లను కావ్యంలా చదివితే అందులో అలాంటి మాట ల్యూసిన్. దాన్ని రుచి చూడాలనీ, అచ్చంపేట జొన్నచేలకూ దానికీ ఉన్న చుట్టరికం చెప్పాలనీ ఈ వ్యాసం.

ప్రొటీన్లను అల్లే అమైనో ఆమ్లాలు ఇరవై. వాటిలో చాలావాటికి ఏదో ఒక ప్రత్యేక విద్య ఉంది. హిస్టిడిన్ ప్రోటాన్‌ను ఇచ్చి పుచ్చుకుంటుంది. సిస్టీన్ తన గంధకంతో ఇంకో సిస్టీన్‌ను పట్టి బిగిస్తుంది. ఆస్పార్టిక్ ఆమ్లం రుణావేశంతో, లైసిన్ ధనావేశంతో పనికి దిగుతాయి. ల్యూసిన్ పక్కకొమ్మలో నాలుగు కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు ఉంటాయి. అక్కడితో సరి. ఆవేశం లేదు, ఆక్సిజన్ లేదు, నత్రజని లేదు. ఏ రసాయన చర్యకూ చేయి చాపదు. అయినా ప్రొటీన్లలో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే, సుమారు తొమ్మిది, పది శాతం. జన్యులిపిలో అమైనో ఆమ్లాలను సూచించే మూడక్షరాల సంకేతాలు 61 ఉంటే, అందులో ఆరు దీనివే. ట్రిప్టోఫాన్‌కూ మెథియోనిన్‌కూ దక్కింది ఒక్కొక్కటే. ఏ పనీ చేయనట్టు కనిపించేదానికి ప్రకృతి ఇంత చోటు ఎందుకు ఇచ్చిందన్న ప్రశ్న దగ్గరే నాకు ల్యూసిన్ మీద ప్రేమ మొదలైంది.

దీన్ని మనిషి కంటికి మొదట పట్టించింది జున్ను. 1819లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ ప్రూస్ట్ పులిసిన జున్నులో ఒక తెల్లటి పదార్థం చూశాడు. ఆ మరుసటి ఏడు నాన్సీ పట్నంలో ఆంరీ బ్రాకనో కండరాన్నీ ఉన్నినీ గంధకామ్లంలో మరిగించి అదే పదార్థాన్ని శుద్ధంగా తీశాడు. రేకులు రేకులుగా, తెల్లగా, కాస్త మెరుస్తూ ఉండే స్ఫటికాలు. వేలి మీద వేసుకుంటే నూనె రాసినట్టు జారుతుంది. నాలుకకు చేదు. అద్దంలో ప్రతిబింబంలా ఉండే దీని రెండో రూపాన్ని రుచి చూస్తే తీపి! అవే పరమాణువులు, అవే బంధాలు, అమరికలో మాత్రం కుడిఎడమల తేడా. మన ఒళ్లు ప్రొటీన్లు కట్టడానికి ఎంచుకున్నది చేదు రూపాన్ని.

బొమ్మను ఒక్కసారి దగ్గరగా చూద్దాం. ప్రొటీన్ వెన్నులో ఉన్న కార్బన్ నుంచి పక్కకొమ్మ మొదలవుతుంది. వేలిన్‌లో ఆ కొమ్మ మొదటి కార్బన్ దగ్గరే రెండుగా చీలిపోతుంది. ఐసోల్యూసిన్‌లోనూ చీలిక అక్కడే. ల్యూసిన్ అలా తొందరపడదు. ఒక కార్బన్ దూరం నిటారుగా సాగి, రెండో కార్బన్ దగ్గర చీలుతుంది. చివర రెండు మిథైల్ గుంపులు కవల మొగ్గల్లా విడివడతాయి. ఆ ఒక్క అడుగు ఆలస్యంలో ఉంది దీని శిల్పమంతా. మొదట్లోనే చీలిన కొమ్మలు వెన్నును ఒరుసుకుని, ఆల్ఫా హెలిక్స్ అనే మెలి తిరగడానికి అడ్డుపడతాయి. ల్యూసిన్ వెన్నుకు కాస్త ఎడం ఇచ్చింది కాబట్టి మెలి సుఖంగా తిరుగుతుంది. విరామం ఎక్కడ ఇవ్వాలో తెలియడం ఏ కళలోనైనా పెద్ద విద్యే. ఆరు కార్బన్లు, పదమూడు హైడ్రోజన్లు, ఒక నత్రజని, రెండు ఆక్సిజన్లు, 131 అణుభారం ఉన్న ఈ చిన్న వస్తువుకు ఆ విద్య ఉంది.

ఇక దీని స్వభావం. ల్యూసిన్ పక్కకొమ్మకు నీళ్లంటే పడదు. కణమంతా నీళ్లే కాబట్టి ప్రొటీన్ పోగు తయారవుతున్నప్పుడే అందులోని ల్యూసిన్లు తడి తగలని చోటు వెతుక్కుంటాయి. ఒకదాని పక్కకు ఒకటి చేరి లోపలికి ముడుచుకుంటాయి. అవి లోపలికి పోవడంతో మిగతా పోగు వాటి చుట్టూ మడతపడుతుంది. ఎంజైమ్ తన పని చేసే గుంత, ప్రతిరక్షకం శత్రువును పట్టే చేయి, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఆకారం, ఇవన్నీ నిలబడేది లోపల నీటికి దూరంగా ఒదిగి కూర్చున్న ఇలాంటి అణువుల వల్లనే. పైకి కనిపించే చమత్కారమంతా హిస్టిడిన్‌దీ సెరిన్‌దీ కావచ్చు. వాటిని సరైన చోట నిలబెట్టింది మాత్రం తప్పుకున్న ల్యూసిన్. అలంకారశాస్త్రం చదివిన వాళ్లకు ఇది కొత్తగా తోచదు. చెప్పినదానికి రూపం ఇచ్చేది చెప్పకుండా వదిలేసినది.

ఈ తప్పుకునే గుణాన్ని చేతితో తాకి చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, అచ్చంపేట వైపు ఏ ఇంట్లోనైనా పొయ్యి దగ్గర కూర్చుంటే చాలు. నల్లమల అంచున, ఉమామహేశ్వరం గుట్టకు దగ్గర్లో ఉన్న ఈ పట్నం చుట్టూ ఇప్పుడు ఎక్కువగా పల్లి, పత్తి కనిపిస్తాయి. కానీ పాత పాలమూరు జిల్లా పల్లెల్లో తరతరాలుగా కడుపు నింపింది జొన్న. పొద్దున గటక, అంబలి, రాత్రికి రొట్టె. జొన్నగింజలోని ప్రధాన ప్రొటీన్ పేరు కఫిరిన్. అందులో ల్యూసిన్ దండిగా ఉంటుంది. నూరు గ్రాముల బియ్యపు ప్రొటీన్‌లో ల్యూసిన్ ఎనిమిది గ్రాముల దరిదాపుల్లో ఉంటే, జొన్న ప్రొటీన్‌లో పదమూడు, పద్నాలుగు. అంత ల్యూసిన్ ఉన్న కఫిరిన్ నీళ్లలో కరగదు, ఆల్కహాల్ ద్రావణంలో కరుగుతుంది. గింజలో చిన్న చిన్న ఉండలుగా ముడుచుకుని, నీళ్లు పోసినా విప్పుకోకుండా కూర్చుంటుంది. గోధుమ ప్రొటీన్ తడి తగలగానే సాగి వల అల్లుతుంది, అందుకే చపాతీ పిండి చల్లనీళ్లతోనే ముద్దవుతుంది. జొన్నపిండి అలా ముద్ద కాదు.

“సల్లనీళ్లకు ఈ పిండి మాట ఇనది బిడ్డా. మసిలె నీళ్లు పొయ్యాలె,” అంటుంది రొట్టె చేసే అవ్వ. గిన్నెలో నీళ్లు కుతకుతలాడేదాకా కాగుతాయి, చిటికెడు ఉప్పు పడుతుంది, పిండి పడుతుంది. కట్టెతో కలిపి, చేయి పట్టగలిగినంత వేడి ఉండగానే అవ్వ దాన్ని పీట మీద వేసి అరచేతి మడమతో నెట్టి నెట్టి మెదుపుతుంది. ఆ మసిలే నీళ్లు చేసే పని ఏమిటంటే, పిండిలోని గంజిపదార్థాన్ని ఉబ్బించి జిగురు తేవడం. ప్రొటీన్ వల అల్లనన్నది కాబట్టి రొట్టెను పట్టి ఉంచే బాధ్యత ఉడికిన గంజి మీద పడింది. తర్వాత ముద్దకు పొడిపిండి అద్ది, అరచేతులతో తట్టుతూ తిప్పుతూ పలచన చేస్తుంది. అంచు పగిలితే తడివేలితో ఒత్తి కలుపుతుంది. పెంక మీద వేసి, పైన తడిచేత్తో రాసి, తిరగేసి నిప్పుల మీద ఆనిస్తే రొట్టె బుస్సున పొంగుతుంది. ఆ చప్పట్ల లయ విన్నవాళ్లకు తెలుసు, అదొక సంగీతం. ల్యూసిన్ నీళ్లకు లొంగననడం, మనిషి దానికి ఎదురుపోకుండా పక్కదారి కనిపెట్టడం, ఈ రెండింటి మధ్య పుట్టిన శిల్పం జొన్నరొట్టె. కణంలో ప్రొటీన్ ఎలా మడతపడుతుందో మనిషికి తెలియడానికి వేల ఏళ్ల ముందే చేతులు ఆ గుణాన్ని అర్థం చేసుకుని దానికి తగ్గ మర్యాద చేశాయి.

ల్యూసిన్ కళలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ కట్టిపడేసే ఘట్టం ఇంకొకటి ఉంది. జన్యువులను ఎప్పుడు చదవాలో, ఎప్పుడు మూసి ఉంచాలో నిర్ణయించే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. అవి జంటలుగా కలిసి డీఎన్‌ఏను పట్టుకుంటాయి. ఆ జంట ఎలా కుదురుతుందో 1988లో స్టీవెన్ మెక్‌నైట్, విలియం లాండ్‌షుల్ట్స్, పీటర్ జాన్సన్ బయటపెట్టారు. ఆ ప్రొటీన్ల అమైనో ఆమ్లాల వరుసను రాసుకుని చూస్తే ప్రతి ఏడో స్థానంలో ల్యూసిన్ వచ్చి కూర్చుంటోంది. నాలుగైదు ఆవృత్తాల వరకు తప్పకుండా, ఏడుకొకటి. దానికి ల్యూసిన్ జిప్పర్ అని పేరు పెట్టారు.

తెలుగు పద్యం చదివినవాడికి ఇది చూడగానే ఒళ్లు పులకరించాలి. ఇది యతి! ఉత్పలమాలకు పదో అక్షరం దగ్గర, చంపకమాలకు పదకొండో అక్షరం దగ్గర యతి వస్తుంది. మధ్యలో కవి ఏ మాటైనా వేసుకోవచ్చు, ఏ భావమైనా చెప్పుకోవచ్చు. ఆ స్థానానికి వచ్చేసరికి మాత్రం పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. కుదిరితే పాదం ఒక్కటవుతుంది, కుదరకపోతే రెండు ముక్కలు. జిప్పర్ ప్రొటీన్లలోనూ అంతే. మధ్యలోని ఆరు స్థానాల్లో చాలావరకు స్వేచ్ఛ ఉంది. ఏడో స్థానంలో ల్యూసిన్ కావాలి. అది అక్కడ ఉంటేనే ఎదుటి పోగులోని ల్యూసిన్‌తో మైత్రి కుదిరి రెండు పోగులూ ఒక్కటవుతాయి.

ఏడే ఎందుకు? ఇక్కడ లెక్క కూడా కవిత్వమే. ఆల్ఫా హెలిక్స్‌లో ఒక్కో అమైనో ఆమ్లానికి మెలి నూరు డిగ్రీలు తిరుగుతుంది. ఏడింటికి ఏడు వందల డిగ్రీలు. రెండు పూర్తి చుట్లకు కావలసినవి 720. అంటే ఏడు స్థానాల తర్వాత వచ్చే ల్యూసిన్ దాదాపుగా మొదటి ల్యూసిన్ నెత్తి మీదికే వస్తుంది, కాని ఇరవై డిగ్రీలు తక్కువ పడుతుంది. సరిగ్గా 720 వచ్చి ఉంటే ల్యూసిన్లన్నీ ఒకే నిలువు గీత మీద ఉండేవి, రెండు పోగులూ కర్రల్లా పక్కపక్కన నిలబడేవి. ఆ ఇరవై డిగ్రీల వెలితి వల్ల ల్యూసిన్ల వరుస పోగు చుట్టూ మెల్లగా వాలుగా తిరుగుతుంది. ఎదుటి పోగుతో మైత్రి వదలకుండా ఉండాలంటే రెండూ ఒకదాని చుట్టూ ఒకటి పెనవేసుకోవాలి. వెలితి లేకపోతే పెనవేత లేదు. ఇటువంటి మెలి మీద మెలి ఉండవచ్చని ఫ్రాన్సిస్ క్రిక్ 1953లోనే లెక్కగట్టాడు. ఈస్ట్‌లోని జీసీఎన్4 అనే ప్రొటీన్ జిప్పర్ స్ఫటికాన్ని 1991లో ఎక్స్‌కిరణాలతో చూసినప్పుడు ఆ పెనవేత కళ్లముందు నిలిచింది. జిప్పులో పళ్లు ఒకదాని సందులోకి ఒకటి దిగినట్టు ఉంటాయని మొదట ఊహించారు. తీరా చూస్తే రెండు పోగుల ల్యూసిన్లు ఎదురెదురుగా, పక్కపక్కన ఆనుకుని కూర్చున్నాయి. పైన అలా పెనవేసుకున్న పోగులు కింద రెండుగా విడిపోయి డీఎన్‌ఏ గాడిలోకి చెరోవైపు నుంచి దిగుతాయి. మన కాలేయం, కొవ్వు కణాలు ఏ జన్యువులను చదవాలో చెప్పే ప్రొటీన్లలో కొన్ని ఈ ఛందస్సులోనే రాసి ఉన్నాయి.

ఇంతవరకు చెప్పింది కట్టడపు రాయిగా ల్యూసిన్ గురించి. ఆలంకారికులు వాచ్యార్థం, వ్యంగ్యార్థం అని రెండు చెబుతారు. మాటకు పైకి వినిపించే అర్థం ఒకటి, వినేవాడి లోపల మోగే అర్థం ఇంకొకటి. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది ఆ రెండోదాన్నే. ల్యూసిన్‌కు ఆ రెండో అర్థమూ ఉంది. భోజనం చేశాక రక్తంలోకి వచ్చిన ల్యూసిన్ ప్రొటీన్ కట్టడానికి సరుకు మాత్రమే కాదు, సరుకు వచ్చిందన్న కబురు కూడా అదే. కణంలో సెస్ట్రిన్2 అనే ప్రొటీన్‌కు ల్యూసిన్ కొలతకు సరిపడే చిన్న గుంత ఉంది. 2016లో డేవిడ్ సబాటినీ ప్రయోగశాల దాని ఆకారాన్ని చూపించింది. ల్యూసిన్ లేనప్పుడు సెస్ట్రిన్2 కణపు కట్టుబడికి అడ్డం నిలుస్తుంది. ల్యూసిన్ ఆ గుంతలో కూర్చోగానే అడ్డు తొలగుతుంది, ఎమ్‌టార్ అనే మేస్త్రి లేచి ప్రొటీన్ పని మొదలుపెట్టిస్తాడు. ఈ ఎమ్‌టార్‌కు ఆ పేరు వచ్చింది రాపామైసిన్ అనే మందు వల్ల. పసిఫిక్ సముద్రంలోని రాపా నుయి దీవి మట్టిలో పుట్టిన ఆ మందును వెలికితీసిన బృందానికి పెద్ద, పంజాబ్‌లో పుట్టి కెనడాలో పనిచేసిన సురేన్ సెహగల్.

కబురు చెప్పే పనికి ల్యూసినే ఎందుకు కుదిరిందంటే దానికీ ఒక చక్కటి కారణం ఉంది. పేగుల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాల్లో చాలావాటిని కాలేయం దారిలోనే ఆపి మార్చేస్తుంది. కొమ్మ చీలిన ఈ మూడింటిని, అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్‌లను మార్చే మొదటి ఎంజైమ్ కాలేయంలో చాలా తక్కువ. అందుకని అవి పెద్దగా చెదరకుండా దాటిపోయి కండరానికి చేరతాయి. ఏం తిన్నామో కండరానికి ఉన్నదున్నట్టు చెప్పగలిగేది ఎవరి చేతా మార్పు పొందని ఈ దూతే. చివరికి కండరంలో, మిగతా చోట్ల ఇది విరిగినప్పుడు చక్కెరగా మారదు. కీటోన్లుగా, కొవ్వుకు మూలమైన ముక్కలుగా మారుతుంది. పూర్తిగా ఆ దారినే పోయే అమైనో ఆమ్లాలు ల్యూసిన్, లైసిన్ రెండే.

ఇక్కడ రసవిమర్శలో పెద్ద మాట ఒకటి తీయాలి. ఔచిత్యం. కాశ్మీరపు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమే అన్నాడు. ఎంత అందమైన వస్తువైనా తగిన చోట, తగిన మేరకు ఉంటేనే రసం. ల్యూసిన్ విషయంలో ఆ సిద్ధాంతానికి రుజువులు పసిపిల్లల ఒంట్లోనే ఉన్నాయి. ల్యూసిన్ విరిగే రెండో మెట్టులో ఎంజైమ్ లేకుండా పుట్టిన పిల్లల రక్తంలో అది పేరుకుపోతుంది. పాలు తాగడం మొదలైన కొద్ది రోజులకే మూత్రం మాడిన చక్కెరపాకం వాసన వేస్తుంది, బిడ్డ మగతలోకి జారుతుంది. జాన్ మెంకిస్ దీన్ని 1954లో మొదట వర్ణించాడు. తియ్యటి వాసన వెనుక అంత దుఃఖం ఉండటం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మన నేలకు సంబంధించిన రుజువు ఇంకా పెద్దది. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన ఉన్న ఆ సంస్థనే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. అక్కడికి వచ్చిన వైద్య శాస్త్రవేత్తల్లో కొలుతూర్ గోపాలన్ ఒకరు. దక్కను పీఠభూమి పల్లెల నుంచి ఆస్పత్రికి వచ్చే బీదవాళ్లలో పెల్లాగ్రా రోగం కనిపించేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, మందమై, పొలుసులు లేస్తుంది. ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ దండ వేసినట్టు. నోరు పుండవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనసు కుంగి మతి చెదురుతుంది. 1735 నాటికే స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ ఆ మెడ దండను వర్ణించాడు. అమెరికా దక్షిణాదిన మక్కజొన్న తినే బీదలను ఇది కుప్పలుగా పట్టింది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నియాసిన్ విటమిన్‌తో, కుక్కల్లో పెల్లాగ్రాకు సాటి అయిన నల్లనాలుక రోగం నయం చేసినప్పుడు మర్మం విడిపోయిందనుకున్నారు. మక్కజొన్నలోని నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఒంట్లో నియాసిన్‌గా మారగల ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువ. రెండు దార్లూ మూసుకుపోతే రోగం.

కానీ ఈ దక్కను రోగులు తిన్నది మక్కజొన్న కాదు, జొన్న. జొన్నలో నియాసిన్ అలా కట్టుబడి లేదని అప్పట్లో తేల్చారు. ట్రిప్టోఫాన్ మక్కజొన్నలో ఉన్నంత తక్కువా కాదు. అయినా రోగం ఎందుకొచ్చింది? ఏది తక్కువైందని ప్రపంచమంతా వెతికే చోట గోపాలన్, ఆయన సహచరుడు ఎస్.జి. శ్రీకంఠియ ఏది ఎక్కువైందని వెతికారు. రెండు ధాన్యాలకూ ఉమ్మడిగా ఉన్నది ల్యూసిన్ అతి. 1960లో లాన్సెట్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. పెల్లాగ్రా వెనుక ల్యూసిన్ చేయి ఉందని. తర్వాత భవాని బెళవాడి తదితరులతో కలిసి ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారిని ల్యూసిన్ ఎలా మళ్లిస్తుందో మనుషుల మూత్ర పరీక్షల్లో చూశారు. జొన్న తిన్న కుక్కల్లో నల్లనాలుక వచ్చింది. ల్యూసిన్ తక్కువగా ఉన్న జొన్న రకాల కోసం వెతుకులాట సాగింది. లోటు వల్ల వచ్చే రోగంగా పేరుపడిన దాని వెనుక అతిని చూడగలగడం గొప్ప సహృదయుడి చూపు. పద్యంలో రసభంగం జరిగినప్పుడు ఏ మాట లేదని అడగడం తేలిక. ఏ మాట హద్దు మీరిందని అడగడానికి చెవి కావాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పెద్దవాళ్లకు రోజుకు ఒంటి బరువులో కిలోకు 39 మిల్లీగ్రాముల ల్యూసిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. యాభై కిలోల మనిషికి రెండు గ్రాములు. చేలో పనిచేసే ఆ మనిషి రోజుకు నాలుగు వందల గ్రాముల జొన్న తిన్నా అందులో సుమారు నలభై గ్రాముల ప్రొటీన్, ఐదు గ్రాములకు మించి ల్యూసిన్ వస్తాయి. అంతకన్నా ఎక్కువ ల్యూసిన్ పాలు, మాంసం తినేవాళ్ల ఒంట్లోకీ పోతుంది, వాళ్లకు ఏమీ కాదు. అక్కడ దాని పక్కన ఐసోల్యూసిన్, ట్రిప్టోఫాన్, నియాసిన్ సమృద్ధిగా ఉంటాయి. జొన్నలో ల్యూసిన్ ఐసోల్యూసిన్‌కు మూడు రెట్లు. జొన్న తప్ప పళ్లెంలో ఇంకేమీ లేని ఇంట్లో మాత్రమే ఆ నిష్పత్తికి కోరలు మొలుస్తాయి. అందుకే పెల్లాగ్రా జొన్న పాపం కాదు, బీదరికం పాపం. రొట్టెలోకి పల్లిపొడి ఉన్న ఇంట్లో నియాసిన్ పల్లీలోంచే వస్తుంది, మన ధాన్యాల్లో పప్పుల్లో దానికి సాటి తక్కువ. పుంటికూర పప్పు ఉంటే జొన్నలో కరువైన లైసిన్ పప్పులోంచి వస్తుంది. అచ్చంపేట చుట్టుపక్కల రొట్టె, పల్లికారం జోడీగా వచ్చే పళ్లెం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ జోడీ కట్టిన వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. 1983 తర్వాత రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి, జొన్నచేలు కుంచించుకుపోయి, పెల్లాగ్రా అరుదైపోయింది. ఈ మధ్య పట్నాల్లో ఆరోగ్యం కోసం జొన్నరొట్టె తినేవాళ్లు పెరిగారు. పప్పు, పాలు, పల్లి పక్కన ఉన్న ఆ పళ్లేల్లో జొన్న నిశ్చింతగా ఉండొచ్చు.

గోపాలన్ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. వేరే దేశాల ప్రయోగశాలల్లో ఎలుకలకూ మనుషులకూ ల్యూసిన్ పెట్టి చూసినవాళ్లలో కొందరికి ఆ ప్రభావం కనిపించింది, కొందరికి కనిపించలేదు. బీ6 విటమిన్ వంటి ఇతర లోపాల పాత్ర కూడా చర్చకు వచ్చింది. పూర్తి అంగీకారం దొరకని వ్యాఖ్యానమే అయినా అది మూలాన్ని మళ్లీ చదివించింది. 2019లో, నూరేళ్లు నిండిన వయసులో గోపాలన్ కన్నుమూసేనాటికీ ఆ ప్రశ్నకు పదును తగ్గలేదు.

ఆ పరిశోధనల్లో నాకు అన్నింటికన్నా రుచించినది 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ కలిసి లాన్సెట్‌లో ప్రకటించిన పని. పెల్లాగ్రా రోగులకు వాళ్లిచ్చింది ఐసోల్యూసిన్. ల్యూసిన్ అతిని సరిదిద్దడానికి దాని తోబుట్టువునే పిలిచారు. దాంతో రోగుల చర్మం మెరుగుపడింది. మెదడు విద్యుత్ తరంగాల గీతలో కలత తగ్గింది. ఆ తోబుట్టువులిద్దరి మధ్య తేడా ఎంతో చూడండి. రెండింటికీ అవే ఆరు కార్బన్లు, అవే పదమూడు హైడ్రోజన్లు, అదే నత్రజని, అవే ఆక్సిజన్లు. ఒక మిథైల్ గుంపు ఒక కార్బన్ ఇవతలికి జరిగింది, అంతే. ప్రొటీన్లను ముక్కలు చేసి తూకం వేసి చదివే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఈ రెండూ ఒకే బరువు. మామూలు పద్ధతిలో తూస్తే ఏది ఏదో చెప్పలేదు. పాలమూరు వంటి సీమల నుంచి వచ్చిన కూలిజనం చర్మం ఆ తేడాను చెప్పింది.